వేడెక్కేదాకా ఆపకు

కిందటి వారం సంచికలో మీరు నన్ను మా నాన్న కారులో, స్టీరింగు ముందు వదిలేసి వెళ్లిపోయారు. నేనింకా అక్కడే ఉన్నాను. తాళం తిప్పుతూనే ఉన్నాను. పక్క సీట్లో నాన్న ఉన్నాడు. అంటే, జరీగుడ్డ చుట్టిన అస్థికల కుండలో, సీటు బెల్టు పెట్టుకుని ఉన్నాడు. ఇవాళ ఆయన పోయిన నలభై తొమ్మిదో రోజు, అస్థికలు గుడికి చేర్చాల్సిన రోజు. గుళ్లో కర్మ చేయించే స్వామివారు కాచుకుని కూర్చున్నారు. "మిచిరూ, నన్ను గుడికి నా బండిలోనే తీసుకెళ్లు. ఇంకే బండి ఎక్కించినా దిగి వచ్చేస్తాను" అని ఆసుపత్రి మంచం మీద నా చేత మాట తీసుకున్నాడు నాన్న. ఆ బండేమో ససేమిరా లేవనంటోంది.

చలికి బ్యాటరీ పడిపోయిన బండి మూలుగుతుంది. ఇది మూలగడం లేదు. గిర్రున, హాయిగా, ఏ పట్టూ లేకుండా తిరుగుతోంది. తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. గరాజు బయట మోకాళ్లు దాటి మంచు. తెల్లారగట్ల మునిసిపాలిటీ బండి వచ్చి వీధి మంచంతా నెట్టి మా గుమ్మం ముందు గుట్ట పోసి పోతే, నేనూ తమ్ముడూ పారలు పట్టుకుని ఇప్పటిదాకా దాన్ని తవ్వాం. అంత చాకిరీ చేసి దారి చేస్తే, ఆ దారిన వెళ్లాల్సిన బండి కదలడం లేదు.

"అక్కా, వ్యానులో వెళ్దాం" అన్నాడు మా తమ్ముడు. వాడి పేరు నోబుతో. పైన నల్ల సూటు, కింద రబ్బరు బూట్లు. బ్యాంకులో పని చేసేవాడు కాబట్టి ఆ వేషంలో కూడా గంభీరంగానే ఉన్నాడు. "నాన్నకిప్పుడు తేడా తెలుస్తుందా ఏంటి?"

"ఆయనకు తెలీకపోయినా నాకు తెలుస్తుంది. మాటిచ్చింది నేను."

"మరి స్వామివారికేం చెప్పమంటావ్? మా నాన్నగారు గరాజులో కాస్త ఆలస్యం చేస్తున్నారనా?"

"అదే చెప్పు. బతికున్నప్పుడు కూడా ఆయన అంతేగా. స్వామివారు నమ్ముతారు."

ఈ కారు గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఉత్తరాన మా మసుదా లాంటి చిన్న ఊళ్లో, మిసో అనే సోయా ముద్ద అమ్ముకునే మనిషి, ఇద్దరే కూర్చోగలిగే ఎర్రటి స్పోర్ట్స్ కారు కొంటే ఊరు ఊరుకుంటుందా? నాన్న పేరెత్తి, కన్‌జిరోకి మతి పోయిందన్నారు. మా నానమ్మ ఐతే మూణ్ణెల్లు నాన్నతో మాట్లాడలేదు. దీంట్లో ఉండేది రోటరీ ఇంజను. అందరి బండ్లలోలా పైకీ కిందికీ కొట్టుకునే పిస్టన్లు ఇందులో ఉండవు, మూడు మూలల ఇనప దిమ్మలు రెండు గుండ్రంగా తిరుగుతుంటాయి. చలిలో దీన్ని లేపాలంటే పెట్రోలు ఎక్కువ పోయాలి, అది దానంతటదే పోసుకుంటుంది. అలా పోసుకున్నాక వేడెక్కకముందే ఆపేశారో, కాలని పెట్రోలంతా లోపలే ఉండిపోయి ప్లగ్గుల్ని తడిపేస్తుంది. నోట్లో ముద్ద పెట్టి నమలకముందే నోరు నొక్కేసినట్టన్నమాట. ఆ తర్వాత మీరు బతిమాలినా తిట్టినా అది పలకదు.

అందుకే నాన్నకు ఒకటే సూత్రం. "లేపావా, వేడెక్కేదాకా ఆపకు. నాలుగడుగులు జరపడానికైతే అసలు లేపకు, చేతుల్తో నెట్టుకో." మా ఇంట్లో అన్నం ముందు చెప్పుకునే మాట కంటే ఇదే ఎక్కువసార్లు వినిపించేది. ఇంకో సూత్రం కూడా ఉంది, ఏడాదికోసారైనా దూరం తోలకపోతే ఇంజనులో మసి పడుతుందని. దాని పేరు చెప్పి ఏటా చలికాలం మొదలయ్యేలోపు ఒక్కడే రెండు రోజులు ఎటో తోలుకుపోయి, సంచీడు కమలాపళ్లతో తిరిగొచ్చేవాడు. ఎక్కడికి వెళ్లావంటే "దక్షిణానికి" అనేవాడు. అమ్మ ఏమీ అడగకుండా ఆ పళ్లు ఒలుచుకుని తినేది.

నేను తాళం తిప్పడం మానేసి ముక్కు ఎగబీల్చాను. పెట్రోలు వాసన గుప్పుమంటోంది. అప్పుడే నా గుండె ఝల్లుమనాల్సింది. కానీ చేతిలో పనుంటే నాకు బుర్ర ఆలస్యంగా పని చేస్తుంది.

దిగి బానెట్ ఎత్తాను. నాది అకితాలో పళ్ల డాక్టరు దగ్గర ఉద్యోగం, ఇరుకు సందుల్లో చెయ్యి పెట్టి పట్టు దొరికించుకోవడం నాకు అలవాటే. చిన్నప్పుడు నాన్న పక్కన టార్చి పట్టుకుని నిలబడి నేర్చుకున్న పని ఇది. పెట్రోలు పంపు ఫ్యూజు పీకేశాను, ఇక కొత్తగా ఒక్క చుక్క కూడా లోపలికి పోకుండా. తర్వాత ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పాను. రెండు దిమ్మలకు నాలుగు ప్లగ్గులు. నాలుగూ తడే. చివర్ల నుంచి పెట్రోలు బొట్లు బొట్లుగా కారుతోంది.

ఒక్కోదాన్నీ వెలుగులోకి ఎత్తి పట్టుకుని మళ్లీ చూశాను.

"ఏమైందక్కా? దొరికిందా?" అన్నాడు నోబుతో.

"ఈ బండిని ఎవరో తీశారు" అన్నాను.

"తీయడమేంటి?"

"స్టార్ట్ చేసి, వెంటనే ఆపేశారు. కొత్త సంవత్సరం పండక్కి వచ్చినప్పుడు నేనే వేడెక్కించి, నేనే సరిగ్గా ఆపాను. ఆ తర్వాత దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. తాళం నాన్న ఫోటో ముందు పళ్లెంలో ఉంది. ఇవాళ పొద్దున నేను తీసేదాకా అక్కడే ఉంది."

"నువ్వు ఇందాకట్నుంచీ తిప్పావుగా. దానికే తడిసుంటాయి."

అలాగైతే మొదటి తిప్పుకే అంటుకుని ఉండాల్సింది. ఆ మాట వాడికి చెప్తూనే కారు లోపలికి తొంగి చూశాను. అప్పుడు కనిపించింది. చేతి బ్రేకు పైకి లాగి ఉంది.

మా మంచు ఊళ్లలో చలికాలం ఎవరూ చేతి బ్రేకు లాగరు. లాగితే అది లోపల గడ్డకట్టి చక్రాన్ని పట్టేసుకుంటుంది, మర్నాడు వేడినీళ్లు పోసుకుంటూ కూర్చోవాలి. గేరులో వేసి వదిలేస్తాం. ఇది ఒకరు చెప్పేది కాదు, చెప్పులు గుమ్మం దగ్గర విడిచినట్టు చేసేస్తాం. నాన్న ఏనాడూ లాగలేదు. నేను లాగను. వంగి చక్రం కింద చూశాను. వేరుశనక్కాయ ఒకటి చితికిపోయి నేలకు అతుక్కుపోయి ఉంది. నిన్న సెత్సుబున్ పండగ, చలికాలాన్ని సాగనంపే రోజు. దయ్యాలు బయటికి పొమ్మని పొద్దున నేనే గరాజు నాలుగు మూలలా కాయలు చల్లాను. మైల ఇంట్లో పండగేంటే అన్నారు పక్కింటి ఒయిషిగారు, కానీ అమ్మ చల్లమంది. అంటే నేను చల్లిన తర్వాతే, నిన్ననే, ఈ కారు కదిలింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరు చేశారో తెలిసిపోయింది కూడా.

"కసుమీ!" అని అరిచాను.

మా మరదలు కసుమి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మియజాకి పిల్ల, దక్షిణాది. మంచు పడితే ఇప్పటికీ ఫోన్‌లో ఫోటోలు తీసుకుంటుంది. అమ్మకు సాయంగా ఉంటానని నోబుతో కంటే రెండు రోజుల ముందే వచ్చింది.

"నిన్న ఈ కారు తీశావా?"

"నేనా? నేనెందుకు తీస్తాను వదినా?"

"మరి చేతి బ్రేకు ఎవరు లాగారు? మా ఊళ్లో బడికెళ్లే పిల్లలు కూడా లాగరు. అది మంచు ఎరగని వాళ్లు చేసే పని. అడిగి తీస్తే నీ సొమ్మేం పోయింది? ఇవాళ నాన్న వెళ్లాల్సిన బండి ఇది!"

కసుమి ముఖం కందిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ పడనివ్వలేదు. "వదినా, నా లైసెన్సు గేర్లు లేని బండ్లకే. దీంట్లో కింద మూడు పెడల్స్ ఉన్నాయి. ఆ మూడోది దేనికో కూడా నాకు తెలీదు" అంది.

"ముందు నోరు, తర్వాత బుర్ర" అన్నాడు నోబుతో నా వైపు చూడకుండా. "అచ్చం నాన్న పోలిక."

నాకు తల కొట్టేసినట్టయింది. క్షమించమని చెప్పాను. కసుమి తల ఊపి, "కానీ చప్పుడైతే విన్నాను" అంది. "నిన్న మధ్యాహ్నం, మీరు ఈయన్ని తీసుకురావడానికి స్టేషనుకెళ్లినప్పుడు. నేను స్నానంలో ఉన్నాను. మీరే వచ్చి కారు వేడిచేస్తున్నారనుకున్నా. కాసేపటికే ఆగిపోయింది. తర్వాత చాలాసేపటికి మళ్లీ మోగింది, అదీ ఆగిపోయింది."

రెండుసార్లు. బయటికి ఒకసారి, లోపలికి ఒకసారి. కారు ముక్కు ఎప్పుడూ గరాజు వెనక గోడలో ఉన్న మట్టికొట్టు తలుపుకు ఆనించి ఉంటుంది. పాతకాలం కొట్టు అది, మందపాటి మట్టిగోడలు, బరువైన తలుపు. కారు వెనక్కి తీస్తే తప్ప ఆ తలుపు తెరుచుకోదు. ఎవరో ఆ తలుపు తెరిచారు.

నేను స్టేషన్లో ఉన్నాను. తమ్ముడు రైల్లో ఉన్నాడు. కసుమి స్నానంలో ఉంది. ఇంట్లో ఇంకెవరున్నారు? ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా నిలబడ్డాం. ఎందుకంటే మిగిలింది అమ్మ. మా అమ్మ ఫుమియే జన్మలో స్టీరింగు ముట్టుకోలేదు. కూరగాయలకు కూడా బస్సులో వెళ్లే మనిషి. నాన్న ఈ కారు స్టార్ట్ చేస్తే చాలు, ఆ కంపు నాకు పడదంటూ కొంగులాగా చేతి గుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయేది.

"దాన్నెందుకే ఆడిపోసుకుంటావ్? నేనే తీశాను."

లోపలి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. నల్ల కిమోనో కట్టుకుని, గుడికి వెళ్లడానికి తయారై ఉంది.

"ఏం తీశావమ్మా?" అన్నాడు నోబుతో పిచ్చివాడిలా.

"కారు."

"నువ్వా?"

"నేనే. క్లచ్చు బరువుగా ఉంది. మీ నాన్న ఎలా తొక్కేవాడో ఏమో."

ఒక మనిషి కడుపున పుట్టి, నలభై నాలుగేళ్లు ఆ మనిషి చేతి వంట తిని బతికాను. ఆవిడ నోట్లోంచి 'క్లచ్చు' అనే మాట రావడం అదే మొదటిసారి. గరాజు గోడ మాట్లాడినా నేనంత అదిరిపోయేదాన్ని కాదు.

"నీకు బండి నడపడం ఎప్పుడొచ్చిందమ్మా?" అన్నాను.

"మీరు పుట్టకముందు. ప్లగ్గులు పట్టుకుని అలా నిలబడతావేం? తెచ్చి కాల్చు. మీ నాన్న చేపల పెనం మీద కాల్చేవాడుగా. స్వామివారు కాచుకున్నారు."

*

నాలుగు ప్లగ్గులు వంటింట్లో చేపలు కాల్చే జల్లెడ మీద పెట్టాం. ఇది మా ఇంట్లో కొత్తేమీ కాదు. కసుమికి మాత్రం కొత్త, చాప్‌స్టిక్స్‌తో వాటిని అటూ ఇటూ తిప్పుతోంది. అమ్మ తన గదిలోకి వెళ్లి, ఊదారంగు గుడ్డలో మూటగట్టిన వస్తువొకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. ముడి విప్పింది.

తెల్లటి పింగాణీ కుండ. పక్క సీట్లో నాన్న ఉన్న కుండ లాంటిదే. ఐతే చిన్నది. రెండు చేతుల్లో ఇమిడిపోయేంత చిన్నది. అంత చిన్న కుండలు పసిబిడ్డలకే వాడతారని జపాన్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు. కసుమి చేతిలో చాప్‌స్టిక్స్ జారిపడ్డాయి.

"ఎవరిది?" అన్నాడు నోబుతో.

"మీ అక్కది."

వాడు నా వైపు చూశాడు. "నేనిక్కడే ఉన్నానుగా" అన్నాను. అంత తెలివితక్కువ మాట నేను నా బతుకులో అనలేదు.

"నీకూ అక్కే" అంది అమ్మ.

కుర్చీలో కూలబడ్డాను. పెద్ద కూతురు, పెద్ద కూతురు అని చిన్నప్పట్నుంచీ నా నెత్తిన ఎన్ని బరువులు పెట్టారు! తమ్ముణ్ణి చూసుకో, నానమ్మకు కాళ్లు పట్టు, ముందు నువ్వు లేచి మంచు తవ్వు. ఆ పెద్దరికం నాది కాదా? కోపమొచ్చింది, దాని వెనకే భయం వచ్చింది. పసిబిడ్డ అస్థికలు ఇన్నేళ్లూ మా కారు ముక్కు ముందు, చీకటి కొట్లో ఉన్నాయా? చేతులు చాచి కుండను ఎత్తాను, ఏడుపొచ్చేస్తుందేమో అనుకుంటూ.

అది మరీ తేలిగ్గా ఉంది. కొంచెం కదిపాను. ఏ చప్పుడూ లేదు. అమ్మ వద్దనలేదు. మూత తీశాను.

లోపల ఏమీ లేదు. కడిగి బోర్లించిన గిన్నెలా శుభ్రంగా ఉంది.

"ఖాళీగా ఉందమ్మా."

"ఖాళీగా కాక ఎలా ఉంటుంది?" అంది అమ్మ. "బతికున్న పిల్లకు ఎముకలు ఎక్కణ్ణించి వస్తాయి?"

తర్వాత చెప్పింది. నిలబడే చెప్పింది, ప్లగ్గుల వంక చూస్తూ. మా నాన్న కంటే ముందు అమ్మకు ఒక పెళ్లయింది. దక్షిణాన, యాయిజు రేవులో, చేపల వ్యాపారం చేసే ఇల్లు. ఆ ఇంట్లో అమ్మ తెల్లారకముందే చేపల ట్రక్కు నడిపేది. "అక్కడ మంచుండదు. రేవు దారి ఏటవాలు. చేతి బ్రేకు లాగకపోతే మా అత్త చీపురు తిరగేసేది. నిన్న చెయ్యి దానంతటదే లాగేసింది" అంది. ఆ ఇల్లు ఆవిణ్ణి వద్దనుకుంది. పిల్లను మాత్రం ఉంచేసుకుంది. పిల్లకు మూడేళ్లు. పేరు హరుయే.

"నువ్వు వెళ్లి చూడలేదా?" అన్నాడు నోబుతో.

"రెండుసార్లు వెళ్లాను. గుమ్మంలోంచే పంపేశారు. అమ్మ చచ్చిపోయిందని పిల్లకు చెప్పేశాం, అది నమ్మి నిమ్మళంగా ఉంది, నువ్వొచ్చి దాని మనసు విరవకు అన్నారు. నువ్వు కూడా అది పోయిందనుకో, అప్పుడే బతగ్గలవు అన్నారు." అమ్మ కుండ మూత తీసుకుని గుడ్డతో తుడిచింది. "ఊరికే అనుకోమంటే ఎలా అనుకుంటాం? అనుకోడానికి ఒక వస్తువుండాలి కదా. అందుకని ఇది కొనుక్కున్నాను."

వంటింట్లో ప్లగ్గులు చిటచిటమంటున్నాయి. పోయిన పిల్ల కోసం ఏడ్చిన తల్లిని చూశాం, తప్పిపోయిన పిల్ల కోసం ఏడ్చిన తల్లిని చూశాం. బతికున్న పిల్లకు అస్థికల కుండ కొనుక్కున్న తల్లి నా ఇంట్లోనే ఉందని నాకు తెలియదు.

"నాన్నకు తెలుసా?" అన్నాను.

"తెలిసే చేసుకున్నాడు. మీ నానమ్మకు మాత్రం ఆ పేరు ఇంట్లో వినపడకూడదు. వినపడితే ఇంట్లోంచి పొమ్మంది. కొట్లోకెళ్లి ఏడిస్తే మీ నానమ్మకు వినపడేది. ముసలిదానివి పాము చెవులు." అమ్మ మొదటిసారి నా కళ్లలోకి చూసింది. "ఒకరోజు మీ నాన్న ఈ కారు వేసుకుని వచ్చాడు. ఊరంతా నవ్వింది. నాతో ఏమన్నాడో తెలుసా? దీని గొంతు పెద్దది ఫుమియే, ఇది మోగుతున్నంతసేపూ నువ్వు ఎంత ఏడ్చినా ఎవరికీ వినపడదు అన్నాడు."

హరుయే పుట్టింది సెత్సుబున్ నాడు. ఏటా సెత్సుబున్ నాడు నాన్న కారును వెనక్కి తీసి, గరాజు తలుపు బయట ఇంజను మోగిస్తూ కూర్చునేవాడు. వేరుశనక్కాయలకు పోని దయ్యాలు దీని చప్పుడుకు పోతాయని మాకు చెప్పేవాడు. మేము నవ్వేవాళ్లం. వేడెక్కేదాకా ఆపకూడదని మాకు చెప్పేవాడు. మేము నమ్మేవాళ్లం. అమ్మ కంపు అంటూ ముక్కు మూసుకుని లోపలికి పోయేది. ఎక్కడికి పోయేదో మాలో ఒక్కరమైనా చూశామా? ఇంజను వేడెక్కడానికి అంతసేపు పట్టదని ఆయన పక్కన టార్చి పట్టుకుని పని నేర్చుకున్న నాకైనా తట్టలేదు. ఆయన వేచి ఉన్నది ఇంజను కోసం కాదు.

"మరి నిన్న ఎందుకు ఆపేశావమ్మా? నీకు తెలుసుగా, ఆపకూడదని."

"తెలీకేం. ముప్పయ్యేళ్లు విన్నాను. కానీ అది మోగుతుంటే ఒయిషిగారు పరిగెత్తుకు రారూ, కన్‌జిరో గారు లేరుగా, ఎవరు తీశారూ అని? కుండ తీసుకుని, కారు మళ్లీ లోపల పెట్టేశాను." చేతిలో గుడ్డ మడతపెట్టింది. "ఏడవలేదు నిన్న. బయట మీ నాన్న లేకుండా ఏడుపు రాలేదు."

కసుమి ముఖం తిప్పుకుని భోరుమంది. నోబుతో బల్ల మీద చెయ్యి పెట్టుకుని కిందికి చూస్తున్నాడు.

"ఇక చాలు" అంది అమ్మ. "దీన్ని మీ నాన్నతో పాటు గుళ్లో పెట్టేస్తాను. మంచు కరిగాక సమాధి తెరుస్తారు కదా, అప్పుడు ఇద్దర్నీ ఒకేసారి లోపల పెట్టండి. ఏటా కారు తీసి పెట్టే మనిషే పోయాడు. నేనూ హరుయేని వదిలేస్తాను. ఇవాళతో పోయిందనుకుంటాను. లే మిచిరూ, ప్లగ్గులు ఎండాయి."

*

ప్లగ్గులు బిగించే ముందు, ఆ కంతలు తెరిచి ఉంచే ఇంజను తిప్పాను. లోపలి పెట్రోలంతా తుంపర్లుగా బయటికి చిమ్మింది. నోబుతో సూటు మీద కూడా పడింది, వాడు కిమ్మనలేదు. ఒక్కో కంతలో చెంచాడు నూనె పోసి, పట్టు రావడానికి ఒకటి రెండు సార్లు తిప్పి, వేడి తగ్గని ప్లగ్గుల్ని గుడ్డతో పట్టుకుని బిగించాను. ఫ్యూజు పెట్టాను. ఎక్కి కూర్చుని యాక్సిలరేటరు పెడలు నేలకంటా తొక్కి తాళం తిప్పాను.

గిర్రు గిర్రు. ఏమీ లేదు. నాన్నా, ఇంకెవరికోసం ఆగుతున్నావు? మళ్లీ తిప్పాను. ఒక దగ్గు దగ్గింది. ఇంకో దగ్గు. ఒక్కసారిగా గరాజు రేకులన్నీ అదిరేలా గర్జించి అంటుకుంది. వెనక నుంచి తెల్లటి పొగ వీధిలోకి కమ్మేసింది, మంచు ఏదో పొగ ఏదో తెలియలేదు. నోబుతో చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. నేను ఏడుస్తున్నానని నాకే ఆలస్యంగా తెలిసింది. ఎంత ఏడ్చినా వినపడదని ఎవరో చెప్పారు కదా, నిజమే.

అమ్మ నా పక్కన, తెరిచిన తలుపు దగ్గర చిన్న కుండ పట్టుకుని నిలబడింది. నాన్న కుండ పక్కన దాన్ని ఎలా పెట్టాలా అని చూస్తోంది. "వేడెక్కాలి, ఆగు!" అని అరిచాను. తల ఊపింది.

పొగ పలచబడుతుండగా, అద్దంలో ఒక మనిషి కనిపించింది.

గుమ్మం ముందు, మేము తవ్విన దారిలో, ఒక ఆడమనిషి నిలబడి ఉంది. యాభై ఉంటాయేమో. మంచుకు పనికిరాని పల్చటి బూట్లు, తడిసిపోయి ఉన్నాయి. కారు వంకే చూస్తోంది, తప్పిపోయిన మనిషి దొరికినట్టు. చేతిలో వల సంచీ. సంచీ నిండా కమలాపళ్లు.

ఆ పళ్లు నాకు తెలుసు.

"ఏమండీ!" అని అరుస్తోంది ఆవిడ, ఇంజను చప్పుడు మీదుగా. "ఎర్రకారు బాబాయి ఉన్నారా? మసుదా అని మాత్రం చెప్పారు, ఇల్లు తెలీక వీధంతా తిరుగుతున్నాను! ఈ చప్పుడు విని వచ్చాను! ఏటా మా కొట్టుకొచ్చి కమలాలు కొనుక్కెళ్లేవారు! ఈ ఏడు రాలేదు! అందుకే నేనే వచ్చాను, యాయిజు నుంచి!"

నోబుతో కదల్లేదు. నేను కదల్లేదు. పంపు నుంచి పెట్రోలు కమ్మగా అందుతోంది, ఇంజను ఇంకా చల్లగానే ఉంది, ఇప్పుడు ఆపితే మళ్లీ లేవదు, నాన్న గుడికి చేరడు, ఆపకూడదు, అని నా బుర్ర దాని పాటికి అది లెక్క వేసుకుంటూనే ఉంది.

అమ్మ నా మీదుగా చెయ్యి చాచి, తాళం వెనక్కి తిప్పేసింది.

ఇంజను చచ్చిపోయింది. చూరు నుంచి మంచు జారి పడిన చప్పుడు కూడా వినపడేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో అమ్మ గొంతు వచ్చింది. నేనెన్నడూ వినని గొంతు అది.

"ఆయనతో నీకేం పనమ్మా?"

ఆవిడ వంగి నమస్కారం చేసింది. ఒక్కసారి కుండ వంక, అమ్మ నల్ల కిమోనో వంక చూసి, ఏదో అర్థమైనట్టు గొంతు తగ్గించింది.

"మా అమ్మ నా మూడో ఏటే పోయిందండీ. ఆవిణ్ణి ఎరుగుదునని నాతో చెప్పిన మనిషి, ఈ లోకంలో ఆయనొక్కరే."

అమ్మ చెయ్యి ఇంకా తాళం మీదే ఉంది.